నిప్పురవ్వ చెప్పే నిజం

జగిత్యాల జిల్లాలోని ఇబ్రహీంపట్నం గోదావరికి దక్షిణాన ఉన్న వ్యావసాయిక ప్రాంతం. ఇక్కడి పొలాలను దున్నే ట్రాక్టరుకు స్పార్క్ ప్లగ్ ఉండదు. గాలిని గట్టిగా అదిమినపుడు పుట్టే వేడికే అందులోని డీజిల్ మండుతుంది. కాని కోరుట్లకో, మెట్‌పల్లికో వెళ్లే మోటారు సైకిలుకూ, పైరుపై మందు చల్లే పెట్రోలు పంపుకూ నిప్పురవ్వే ప్రాణం. తెగులు సోకిన వేళ ఆ పంపు మొరాయిస్తే రైతుకు నష్టం ఒక పూట పనితో పోదు, పంటకే ముప్పు.

1860లో ఎతియెన్ లెన్వార్ విద్యుత్ రవ్వతో వాయువును మండించే ఇంజన్‌ను రూపొందించాడు. 1902లో రాబర్ట్ బోష్ సంస్థలోని గాట్లోబ్ హోనోల్డ్ అధిక వోల్టేజి మాగ్నెటోనూ, దానికి తగిన ప్లగ్‌నూ సిద్ధపరచాడు. వేల వోల్టుల విద్యుత్తు ప్లగ్ కొనలోని రెండు లోహపు మొనల నడుమ సందును దాటునపుడు రవ్వ పుడుతుంది. ద్విచక్ర వాహనాలలో ఈ సందు సాధారణంగా 0.6 నుండి 0.8 మిల్లీమీటర్లు. అది మించితే రవ్వ దూకజాలదు. తగ్గితే రవ్వ బలహీనమవుతుంది.

వైద్యుడు నాలుకను చూచి రోగాన్ని ఊహించినట్లు, ప్లగ్ కొనను చూచి ఇంజన్ స్థితిని గ్రహింపవచ్చు. లేత గోధుమ వర్ణం ఆరోగ్యానికి గుర్తు. పొడి మసి పేరుకొంటే పెట్రోలు ఎక్కువై గాలి చాలలేదన్నమాట. గాలి వడపోత మూసుకుపోయి ఉండవచ్చు. జిడ్డు మసి నూనె చేరుతున్నదని తెలుపుతుంది. తెల్లబారి పొక్కులు లేస్తే ఇంజన్ మితిమీరి వేడెక్కుతున్నదని అర్థం.

ప్లగ్‌ను ఇంజన్ చల్లారిన తరువాతనే విప్పాలి. అంతకుముందే చుట్టూ ఉన్న దుమ్మును తుడవాలి. లేనిచో అది సిలిండర్‌లో పడుతుంది. తయారీదారు సూచించిన రకం ప్లగ్‌నే తెచ్చి, సందును కొలిచి, మొదట చేతితోనే మరలోకి తిప్పాలి. ఆనిన పిమ్మట కొత్త ప్లగ్‌ను పానాతో సుమారు అర చుట్టు బిగిస్తే చాలును. బలప్రయోగం చేస్తే అల్యూమినియం మర చెడిపోతుంది. ఆ మరమ్మతు ఖర్చు ప్లగ్ వెల కన్నా ఎన్నో రెట్లు.

మసి పట్టిన ప్లగ్‌ను మార్చి, మూసుకుపోయిన వడపోతను అలాగే వదిలితే కొత్త ప్లగ్ కూడ కొద్ది రోజులకే నల్లబడుతుంది. కావున విద్యార్థులు లోపాన్ని తుడిచివేయుటకు ముందు దాని కారణాన్ని వెదకుట నేర్వాలి.