రాత్రి డ్యూటీ ఇంట్లో సాయంత్రం సీరియల్

రా చెల్లె, కూర్చో. చాయ్ మరుగుతోంది, తాగుతూ మాట్లాడుకుందాం. నీ మొహం చూస్తేనే తెలుస్తోంది, నిన్న రాత్రి మళ్లీ రిమోట్ పంచాయితీ అయ్యిందని.

ఇంట్లో టీవీ ఒక్కటే. ఏడున్నరకు అత్తమ్మకు సీరియల్ కావాలి, అదే టైంకి పిల్లలకు క్రికెట్, మామయ్యకు వార్తలు. మీ ఆయనేమో డబ్బా పట్టుకొని సాంచాల (మరమగ్గాల) మీదికి బయలుదేరే వేళ అది. ఇక నువ్వు? వంటింట్లో రొట్టెలు కాలుస్తూ డైలాగులు విని, ఏడ్చింది అత్తనా కోడలా అని ఊహించుకుంటున్నావు. మహారాష్ట్రలోని మన ఊళ్లో పద్మానగర్‌లోనైనా కామత్‌ఘర్‌లోనైనా ఏ గడప తొక్కినా మన ఆడవాళ్లది ఇదే ముచ్చట. టీవీ కోసం ఇంత బాధేమిటని నిన్ను నువ్వు తక్కువ చేసుకోకు. పన్నెండు గంటల డ్యూటీలు నడిచే ఊరు మనది. ఒకరు లేచేసరికి ఇంకొకరు పడుకుంటారు. ఇంటిల్లిపాదీ మేలుకొని ఉండే ఒక్క గంట దొరకడమే కష్టం. అలాంటి చోట టీవీవాళ్లు పెట్టిన టైంకి మనం కుదురుకోమంటే ఎలా కుదురుతాం?

అందుకే నీ ఇంటికి రికార్డింగ్ ఉన్న సెట్‌టాప్ బాక్స్ కావాలని నేను గట్టిగా అంటున్నాను. సోకు కోసం కాదు. మన పెద్దవాళ్లు కరీంనగర్ నుంచి, వరంగల్ నుంచి, నల్లగొండ నుంచి మగ్గం వదిలి సాంచాల కోసం ఇక్కడికి వచ్చినప్పుడు, ఇంట్లో తెలుగు వినాలంటే క్యాసెట్లు, అప్పుడప్పుడూ ఒక సినిమా, అంతే. 1995లో జెమిని, అదే ఏడాది ఆగస్టు 27న ఈటీవీ మొదలయ్యాకే మన మాట రోజూ గదిలోకి రావడం మొదలైంది. ఇప్పుడు మన పిల్లల సంగతి చూడు. బడిలో మరాఠీయో ఇంగ్లీషో, గల్లీలో హిందీ. తెలుగు వాళ్ల చెవిన పడేది నాయనమ్మ నోటి నుంచి, టీవీ నుంచి. ఆ టీవీ కూడా వాళ్లు ట్యూషన్‌లో ఉన్నప్పుడే మోగి ఆగిపోతే ఏం లాభం?

ఇదేదో పెద్ద యంత్రం అని భయపడకు. అమెరికాలో టీవో అనే కంపెనీ 1999లో ఇలాంటి పెట్టెను అమ్మకానికి తెచ్చింది. మన దేశంలో 2008లో టాటా స్కై ప్లస్ వచ్చింది, తర్వాత మిగతా కంపెనీలూ తెచ్చాయి. పని మాత్రం చాలా సులువు. ఉపగ్రహం నుంచి బొమ్మ, మాట అంకెలుగా మారి వస్తాయి. బాక్స్ వాటిని ఉన్నవి ఉన్నట్టుగా హార్డ్‌డిస్క్ మీద రాసిపెట్టుకుంటుంది. అందుకే పాత వీసీఆర్ క్యాసెట్‌లాగా బొమ్మ మసకబారదు. కొన్నింటికి డిస్క్ లోపలే ఉంటుంది, కొన్నింటికి వెనక యూఎస్‌బీ పెట్టుకోవాలి. దుకాణంలో మర్చిపోకుండా ఒక్కటి అడుగు: ఒక ఛానల్ రికార్డ్ అవుతుంటే ఇంకొకటి చూడొచ్చా? కొన్ని బాక్సుల్లో అది కుదరదు. కుదరకపోతే రిమోట్ పంచాయితీ తీరలేదన్నమాటే.

ఇంకో సంగతి. 2019 ఫిబ్రవరి నుంచి టీవీ ఛానళ్ల నియంత్రణ సంస్థ ట్రాయ్ పెట్టిన పద్ధతి ప్రకారం మనకు కావలసిన ఛానళ్లు మనమే ఎంచుకొని డబ్బు కడుతున్నాం కదా. మహారాష్ట్రలో ఇచ్చే ప్యాకుల్లో మరాఠీ, హిందీ నిండుగా ఉంటాయి. తెలుగువి విడిగా కలుపుకోవాల్సి రావచ్చు. ప్యాక్‌లో లేని ఛానల్‌ను ఏ బాక్సూ రికార్డ్ చేయలేదు. ముందు అది సరిచూసుకో. రీఛార్జ్ అయిపోతే దాచుకున్నవి కూడా తెరుచుకోని బాక్సులు చాలా ఉన్నాయి, పగారు వచ్చిన రోజే ఆ పని అయిపోవాలి.

ఇక అత్తమ్మ. ఆమె పడుకోబోయే ముందు ఇంట్లో అన్ని స్విచ్‌లూ తీసేస్తుంది కదూ? తప్పేమీ లేదు, కరెంటు బిల్లు చూసి చూసి పెరిగిన చెయ్యి అది. కానీ బాక్స్ ప్లగ్ తీసేస్తే పొద్దున్నే రావలసిన రికార్డింగ్ రాదు. అప్పుడు "నా సీరియల్ ఎటుబోయింది?" అని నీ మీదే విసుక్కుంటుంది. ఆమెకు లెక్క చెప్పు. ఇరవై వాట్ల బాక్స్ రోజంతా నడిస్తే నెలకు పద్నాలుగు యూనిట్లు దాటుతుంది. అది దండగ అనిపిస్తే, రికార్డింగ్ లేని వేళ తీసేయమను. స్విచ్ పక్కన ఒక కాగితం అంటించి, ఏ టైంలో తీయకూడదో తెలుగులో పెద్ద అక్షరాలతో రాయి. కోప్పడకు, మామయ్యతో చెప్పించకు. నువ్వే పక్కన కూర్చొని నెమ్మదిగా చెప్పు.

కింద సాంచాలు, పైన కాపురం అయితే ఇంకొంచెం జాగ్రత్త. మన గోడలు రాత్రింబవళ్లు అదురుతూనే ఉంటాయి, మనకు అలవాటైపోయి తెలియదు. హార్డ్‌డిస్క్ నిమిషానికి వేల చుట్లు తిరుగుతుంది, రాసే మొన దానికి తగలకుండా వెంట్రుకవాసిలో తేలుతుంటుంది. ఆ అదురు దానికి మంచిది కాదు. గోడకు కొట్టిన చెక్క మీద కాకుండా నేల మీద ఆనిన బల్ల మీద పెట్టు. పాత హవాయి చెప్పు కోసి నాలుగు మూలలా ముక్కలు పెడితే అదురు కొంత తగ్గుతుంది. అల్లికగుడ్డ ఎంత ముద్దుగా ఉన్నా బాక్స్ మీద కప్పకు, వేడెక్కుతుంది. మన ఇళ్లలో నూలుపొట్టు గాలిలోనే ఉంటుంది కదా, అది వెనక చిల్లులకు అడ్డం పడుతుంది. వారానికోసారి ప్లగ్ తీసి, పొడి బ్రష్‌తో దులిపేయి.

వానాకాలం వస్తే మరో దిగులు. గట్టి వాన పడితే డిష్‌కు సిగ్నల్ అందదు, ఎపిసోడ్ సగంలో తెగిపోతుంది. ఏం ఫరవాలేదు. రాత్రి వచ్చిన సీరియల్‌ను మరునాడు పొద్దుననో మధ్యాహ్నమో మళ్లీ వేసే ఛానళ్లు ఉన్నాయి. రికార్డింగ్‌ను ఆ పునఃప్రసారానికి పెట్టు. సాయంత్రం క్రికెట్ పిల్లలకు దక్కుతుంది, నీ సీరియల్ నీకు దక్కుతుంది. పెట్టేటప్పుడు ముందు రెండు నిమిషాలు, వెనక అయిదు నిమిషాలు ఎక్కువ పెట్టుకో. చివర్లో ఎవరో తలుపు తెరిచే సమయానికి కరెక్టుగా కోతపడితే ఎంత కడుపు మండుతుందో మనకు తెలియదా?

ఇప్పుడు అసలు ముచ్చట. మీ ఆయన.

రాత్రి డ్యూటీ చేసి పొద్దున్నే వచ్చి పడుకునే మనిషికి ఊళ్లో జరిగేది, ఇంట్లో నవ్వుకునేది ఏదీ అందదు. పిల్లవాడు నాన్నతో మాట్లాడుదామంటే నాన్న నిద్రలో ఉంటాడు. అందరూ చూసేసిన సినిమా గురించి అందరూ మాట్లాడుకుంటుంటే ఆయన అన్నం తిని లేచిపోతాడు. చూశావా ఎప్పుడైనా? ఆ మౌనాన్ని మనం "ఆయనకు ఇవేం పట్టవు" అనుకుంటాం. పట్టక కాదు చెల్లె, ఆయన వంతు ఎవరూ దాచలేదు. అన్నం మూతపెట్టి దాచినట్టే ఒక్క కార్యక్రమం ఆయన కోసం దాచు. సీరియలే కానక్కర్లేదు, పాటల కార్యక్రమమో, పండగకు వేసిన కొత్త సినిమానో. ఆయన సెలవు రోజు అందరూ కలిసి చూడండి. ఆ మధ్యలో కథ ఎవరూ చెప్పకూడదని పిల్లలకు గట్టిగా చెప్పు. నువ్వు కూడా ముందే చూసేయకు. ఆపుకోవడం కష్టమే, తెలుసు. కానీ ఆయన పక్కన కూర్చొని మొదటిసారి చూడటంలో ఉన్న ఆనందం వేరు. మధ్యలో ఆయన ఏదైనా చెప్పాలనుకుంటే పాజ్ నొక్కు. మాట పూర్తయ్యాకే మళ్లీ నడిపించు.

ప్రకటనలు దాటించే సౌకర్యం కూడా ఉంది. గంటకు పన్నెండు నిమిషాలకు మించి ప్రకటనలు వేయకూడదని కేబుల్ టీవీ రూలు. ఆ లెక్కనే చూసినా రెండు గంటలు చూస్తే దాదాపు ఇరవైనాలుగు నిమిషాలు మనకు మిగులుతాయి. ఆ టైంలో ఇంకో ఎపిసోడ్ పెట్టకు, నడుం వాల్చు. కండెలు చుట్టి చుట్టి భుజం గుంజుతోందని మొన్ననే అన్నావు.

మరో బెంగ చాలామందికి చెప్పుకోవడానికే సిగ్గు. బాక్స్ నిండిపోయింది, చూడనివి పేరుకుపోయాయి, ఏదో బాకీ పడినట్టు అనిపిస్తుంది. లెక్క చూద్దామా? హెచ్‌డీలో గంటకు మూడు నాలుగు జీబీ పడుతుంది. అరగంట సీరియల్ వారానికి ఆరు రోజులంటే మూడు గంటలు, అంటే పది జీబీ. నాలుగు సీరియళ్లకు నలభై. 500 జీబీ డిస్క్ మూడు నెలల్లో నిండుతుంది. స్టార్ మాలో కార్తీకదీపం 2017 నుంచి 2023 జనవరి దాకా నడిచి, పదిహేను వందల ఎపిసోడ్లు దాటింది. అంతటినీ ఎవరు దాచగలరు? మామూలు ఛానల్‌లోనే రికార్డ్ పెట్టు, చోటు సగం కంటే తక్కువే పడుతుంది. వారం దాటినా ఎవరూ ముట్టనిది తీసేయి. పది ఎపిసోడ్లు తప్పినా కథ పెద్దగా కదలదు, పక్కింటి వదినె రెండు మాటల్లో చెప్పేస్తుంది. కాకపోతే ఒక కట్టుబాటు ఉండాలి. ఎవరు పెట్టినది వాళ్లే తీయాలి. అత్తమ్మ భక్తి కార్యక్రమాన్ని పిల్లలు చెరిపి కార్టూన్ పెట్టుకుంటే ఆ ఇల్లు వారం రోజులు చల్లబడదు.

ఒక్కటి మాత్రం మనసులో పెట్టుకో. మన బతుకమ్మ ఆట ఏదైనా ఛానల్‌లో వచ్చిందనుకో, మన పిల్ల అందులో కనిపించిందనుకో, బాక్స్‌ను నమ్ముకోకు. అందులో ఉన్నది సాధారణంగా ఆ బాక్స్‌లోనే ఆడుతుంది, బాక్స్ మార్చిన రోజు పోతుంది. అలాంటివి ఫోన్‌తో వీడియో తీసి వేరేగా దాచు.

"అన్నీ ఫోన్‌లోనే వస్తుంటే ఇదెందుకు అక్కా?" అంటావేమో. జియో హాట్‌స్టార్, జీ5, ఈటీవీ విన్ ఉన్నాయి, కాదనను. నీ ప్రయాణంలో, నీ ఒంటరి గంటలో అవి చూసుకో. కానీ ఫోన్ ఒకరి చేతిలో ఉంటుంది, మిగతావాళ్లు ఆ మొహం మాత్రమే చూస్తారు. అత్తమ్మ కళ్లకు ఆ చిన్న తెర ఆనదు. మామయ్యకు పాస్‌వర్డ్ గుర్తుండదు. డేటా అయిపోతే సగంలో ఆగిపోతుంది.

సరే, చాయ్ చల్లారుతోంది, తాగు. ఈ ఆదివారం మధ్యాహ్నం బువ్వలయ్యాక ఒక పని చేయి. రిమోట్ అత్తమ్మ చేతికివ్వు. ఆమె సీరియల్ రికార్డింగ్ ఆమెతోనే పెట్టించు. రికార్డ్ బటన్ మీద చిన్న బొట్టు అంటించు, కళ్లజోడు లేకపోయినా వేలికి తగులుతుంది. రెండుసార్లు తప్పు నొక్కినా లాక్కోకు, పక్కనే కూర్చో. అర్థం కాకపోతే సాయంత్రం నేనే వస్తాను, నాకో గ్లాసు చాయ్ పెట్టి ఉంచు.