ఛీజు వ్యాపారము, దిగుమతి సుంకములు, మన పాడి రైతు

ఛీజు అనగానే మన రైతులకు జున్ను తలపునకు వచ్చును. కాని రెండును వేరు. జున్ను ఈనిన పశువు తొలిపాలతో వండుకొనునది. ఛీజు మామూలు పాలతో చేయుదురు. పాలకు తోడు వేసి, రెన్నెట్ అను పదార్థముతో గడ్డ కట్టించి, తేటను వార్చివేసి, కొన్ని రకములను నెలల తరబడి మాగవేయుదురు. ఒక కిలో చెడ్డార్ ఛీజునకు సుమారు 10 లీటర్ల ఆవుపాలు పట్టును.

తెల్లాపూరు రైతుకు దీనితో పనియేమి?

సంగారెడ్డి జిల్లాలోని తెల్లాపూరులో పొలములు తగ్గి, వాటి చోట ఎత్తయిన మేడలు లేచినవి. బీళ్లు పోయినందున గేదెలున్నవారు మేత కొని వేయవలసి వచ్చుచున్నది. ఆ మేడలలోని వారు పాలు, పెరుగుతోపాటు పిజ్జాలకై మొజరెల్లా ఛీజు కూడ కొందురు. కొనువారు గడపలోనే యున్నారు. అయినను ఆ ఛీజు ఏ దేశపు పాలతో చేసినదగునో కొంతవరకు రేవులో వేయు సుంకమే నిర్ణయించును.

సుంకము లెక్క

మనదేశమునకు వచ్చు ఛీజు రకములలో చాలవాటిపై మూల సుంకము 30 శాతము. ఒక ఉదాహరణ చూడుడు. రేవు చేరిన ఛీజు కిలో 400 రూపాయలనుకొనుడు. సుంకము 120 రూపాయలు, మొత్తము 520. సుంకము తీసివేసినచో ఇచ్చటి కర్మాగారము ఆ 120 రూపాయల తేడాను తట్టుకొనవలెను. కిలోకు 10 లీటర్ల చొప్పున ఇది లీటరు పాలకు 12 రూపాయలు. ఆ భారములో కొంతయైనను పాలు పోయు రైతుపై పడక మానదు.

పాలపొడి కథ కూడ ఇట్టిదే. వెన్న తీసిన పాలపొడిపై సుంకము వేయబోమని మనదేశము పూర్వము గాట్ ఒప్పందములో కట్టుబడి యుండెను. 2000లో తిరిగి బేరమాడి 60 శాతము వరకు వేయు హక్కు సంపాదించెను. ఏటా 10,000 టన్నుల వరకు మాత్రము 15 శాతమునకే అనుమతించుటకు అంగీకరించెను.

ఒప్పందములు

న్యూజిలాండులో పశువులు ఏడాది పొడవున పచ్చిక మేయును, జనాభా తక్కువ. అందుచేత పాల ఉత్పత్తులలో అత్యధిక భాగము ఎగుమతి యగును. ఆ దేశము కూడ పాల్గొన్న ఆర్‌సెప్ ఒప్పందమునుండి మనదేశము 2019 నవంబరు 4న తప్పుకొనెను. పాడి రైతుల ఆందోళన దానికొక ముఖ్య కారణము. 2025 జులైలో బ్రిటనుతో కుదిరిన ఒప్పందములోను పాల ఉత్పత్తులకు సుంకపు రాయితీ ఇవ్వలేదు.

సుంకము ఒక్కటే అడ్డు కాదు. జంతువుల మాంసము, రక్తము, లోపలి అవయవములతో చేసిన దాణా తినని పశువుల పాలే కావలెనని మన ప్రభుత్వము ధ్రువపత్రము కోరును. దీనిపై అమెరికా పాడి సంఘములు ఫిర్యాదు చేసినవి. 2019 జూనులో ఆ దేశము మనకిచ్చుచున్న జి.ఎస్.పి. సుంక రాయితీని ఉపసంహరించెను.

రైతు చేయవలసినవి

సుంకము పొలముగట్టు వంటిది. వరదను కొంత ఆపును గాని పంటను పండించదు. ఒప్పందములు మారవచ్చును, కనుక మన పాలకు మనమే బలము చేకూర్చుకొనవలెను.

1. పొదుగువాపునకు యాంటీబయోటిక్ మందు వాడినచో, పశువైద్యుడు చెప్పిన గడువు తీరువరకు ఆ పాలు అమ్మరాదు. ఆ మందు అంశమున్న పాలలో తోడు సూక్ష్మజీవులు పెరగవు; ఒకరి డబ్బాతో తొట్టి పాలన్నియు చెడును.

2. పితికిన వెంటనే పాలను చల్లబరచు కేంద్రమునకు చేర్చవలెను.

3. వెన్నశాతము, ఇతర ఘనపదార్థముల శాతము చూపు చీటీని ప్రతిదినము అడిగి దాచుకొనవలెను.

4. మేత, దాణా, మందు, కూలి కలిపి లీటరుకు పడు ఖర్చు నెలకొకసారి వ్రాసికొనవలెను. మేత కొను తెల్లాపూరు రైతునకు ఇది మరింత అవసరము. ఆ లెక్క చేతనున్నవాడే ధర తగ్గినపుడు ఏ పశువు నుంచుకొనవలెనో, ఏది అమ్మవలెనో తెలిసికొనగలడు.