ఫింగర్‌స్టైల్ బ్లూస్ కోసం అకౌస్టిక్ గిటార్ కొంటున్నారా? ముందు ఈ 5 స్పెక్స్ చూడండి

ఫోన్ కొనేటప్పుడు ప్రాసెసర్ ఏది, బ్యాటరీ ఎంత అని పది రకాలుగా పోల్చి చూస్తాం. గిటార్ దగ్గరికొచ్చేసరికి మాత్రం రంగు, రేటు చూసి ఆర్డర్ పెట్టేస్తాం. తిరుపతిలో ఇంట్లో కూర్చుని నేనూ అదే చేశాను. పికప్, కట్‌అవే ఉన్న నల్ల గిటార్ ఒకటి ఆన్‌లైన్‌లో తెప్పించుకున్నాను. ఆరు నెలలు సాధన చేస్తే వేళ్లు కాయలు కాచాయి గానీ ఒక్క బ్లూస్ పాటా కుదరలేదు. నాకు రాదులే అని దాదాపు వదిలేశాను. ఒకరోజు స్నేహితుడి గిటార్ మీద అదే పాట వాయిస్తే తేడా తెలిసింది. మీ డబ్బు, ఓపిక అలా వృథా కాకూడదనే ఈ గైడ్.

ఫింగర్‌స్టైల్ బ్లూస్‌కి ఏం కావాలి?

ఇందులో బొటనవేలు లావు తీగల మీద తాళం తప్పకుండా నడుస్తుంటే, చూపుడు, మధ్య వేళ్లు సన్న తీగల మీద పాట వాయిస్తాయి. వీణ కచేరీ చూసినవాళ్లకు ఇది ఇట్టే అర్థమవుతుంది. అక్కడ చూపుడు, మధ్య వేళ్లు రాగం పలికిస్తుంటే, చిటికెన వేలు పక్కనున్న తాళం తీగలను మీటుతుంది. ఎడమచేత్తో తీగను లాగి గమకం పలికించినట్టే, బ్లూస్‌లో తీగను కొద్దిగా బెండ్ చేస్తారు. కాబట్టి మనకు కావలసినవి మూడు: తీగల మధ్య చోటు, సులువుగా వంగే తీగ, లావు తీగల మోతలో మునిగిపోని సన్న తీగల స్వరం.

1. నట్ వెడల్పు

మెడ పైభాగంలో తీగలు కూర్చునే చిన్న గాడి పట్టీనే నట్ అంటారు. చాలా బడ్జెట్ గిటార్లలో ఇది 43 మి.మీ. ఉంటుంది. ఫింగర్‌స్టైల్ కోసం చేసిన మోడళ్లలో ఎక్కువగా 44.5 మి.మీ. కనిపిస్తుంది. ఒకటిన్నర మి.మీ. ఏపాటి అనుకోకండి. లావు వేళ్లున్నవాళ్లకు పక్క తీగ తగిలి మూగబోయే సమస్య అక్కడే తగ్గుతుంది. సన్నటి వేళ్లయితే 43 చాలు.

2. బాడీ సైజు

మన దగ్గర ఎక్కువగా అమ్ముడయ్యేది డ్రెడ్‌నాట్. పెద్ద బాడీ, గట్టి బేస్. స్ట్రమ్మింగ్‌కి బాగుంటుంది. వేళ్లతో మెల్లగా వాయించినప్పుడు మాత్రం బేస్ మిగతా స్వరాలను కప్పేస్తుంది. కాన్సర్ట్, పార్లర్, ఓఎమ్ వంటి చిన్న బాడీల్లో ప్రతి తీగా విడిగా వినిపిస్తుంది. 1936, 37లో రికార్డింగులు చేసిన రాబర్ట్ జాన్సన్ ఫొటోలో ఉన్నది కూడా చిన్న బాడీ గిబ్సన్ ఎల్-1. అయితే రెవరెండ్ గ్యారీ డేవిస్ పెద్ద జంబో గిటార్ మీదే అద్భుతంగా వాయించారు. అంటే ఇది రూల్ కాదు, కొత్తవాళ్లకు సులువైన దారి.

3. స్కేల్ లెంగ్త్, తీగలు

నట్ నుంచి బ్రిడ్జ్ దగ్గరి శాడిల్ వరకు తీగ పొడవే స్కేల్ లెంగ్త్. 650 మి.మీ. కంటే 634 మి.మీ. ఉన్నదాంట్లో తీగ బిగువు తక్కువ, బెండ్ సులువు. 12 గేజ్ తీగలు గట్టిగా అనిపిస్తే 11 సెట్ వేయించండి. ఖర్చు తక్కువ, తేడా ఎక్కువ.

4. టాప్ చెక్క

బొబ్బిలి వీణను ఒకే పనస దుంగ నుంచి తొలుస్తారు. గిటార్‌లోనూ ముందు పలక ఒకే పొర చెక్కతో ఉంటే సాలిడ్ టాప్, ప్లైవుడ్‌లా పొరలు అంటిస్తే లామినేట్. సాలిడ్ టాప్‌లో స్వరం బాగా తెరుచుకుంటుంది. కానీ మన మే నెల ఎండకు, అక్టోబర్ నుంచి వచ్చే వానల తేమకు అదే ముందు స్పందిస్తుంది. కొన్నాక కేసులోనే పెట్టండి. కారులో ఎండకు అస్సలు వదలొద్దు.

5. యాక్షన్

తీగకు, ఫ్రెట్‌కు మధ్య ఎత్తు ఇది. 12వ ఫ్రెట్ దగ్గర లావు తీగ కింద సుమారు 2.5 మి.మీ., సన్న తీగ కింద 2 మి.మీ. ఉంటే హాయి. నా నల్ల గిటార్‌లో ఇది దాదాపు 4 ఉండేది! వెబ్‌సైట్‌లో ఈ అంకె దొరకదు. చేత్తో పట్టుకుని చూడాల్సిందే.

ఏ మోడల్?

సాలిడ్ టాప్, కాన్సర్ట్ బాడీ, 634 మి.మీ. స్కేల్ మూడూ కలిసిన బడ్జెట్ మోడల్ యమహా ఎఫ్‌ఎస్800. నట్ 43 మి.మీ.నే. బడ్జెట్ ఇంకా తక్కువైతే ఎఫ్310 చూడొచ్చు. టాప్ లామినేట్, బాడీ పెద్దదే, కానీ స్కేల్ మాత్రం 634. టచ్‌స్క్రీన్ ఉన్న లావా మీ 3 లాంటి కార్బన్ ఫైబర్ గిటార్లూ ఉన్నాయి. ఎండకూ తేమకూ భయం లేదు గానీ రేటు చాలా ఎక్కువ. స్టేజ్ ఎక్కే ఆలోచన లేకపోతే పికప్‌కి డబ్బు పెట్టకండి. ట్యూనింగ్‌కి ఫోన్‌లో ఉచిత యాప్ చాలు.

షాపులో 3 నిమిషాల టెస్ట్

* ‘ఈ’ మేజర్ కార్డ్ పట్టి, బొటనవేలితో 6, 4 తీగలను మార్చి మార్చి మీటండి. అదే సమయంలో సన్న తీగ స్పష్టంగా వినిపించాలి.
* 3వ తీగను 3వ ఫ్రెట్‌లో కొద్దిగా లాగండి. బరబర శబ్దం రాకూడదు.
* ట్యూనర్ యాప్ తెరిచి, తీగను వదిలేసి ఒకసారి, 12వ ఫ్రెట్‌లో నొక్కి ఒకసారి మీటండి. రెండుసార్లూ అదే స్వరం, సూది మధ్యలోనే చూపించాలి.
* రెండు గిటార్లు నచ్చితే రెండూ ఫోన్‌లో రికార్డ్ చేసి, బయటికొచ్చి ఇయర్‌ఫోన్స్‌లో వినండి.

దగ్గర్లో ఎంపిక తక్కువనిపిస్తే చెన్నై వెళ్లిరండి. 1842లో మొదలైన మ్యూసీ మ్యూజికల్ అన్నా సాలైలోనే ఉంది. ఒక్కరోజు ప్రయాణం, రిటర్న్ పెట్టే తలనొప్పి కన్నా నయం.

చివరగా ఒక మాట. ఆ రోజుల్లో బ్లూస్ వాయించినవాళ్లు చాలామంది సియర్స్ కేటలాగ్ చూసి పోస్టులో తెప్పించుకునే చవక గిటార్లే వాడారు. కాబట్టి రేటు తక్కువని చిన్నబుచ్చుకోకండి. ఇప్పటికే ఇంట్లో గిటార్ ఉంటే, కొత్తది కొనే ముందు యాక్షన్ తగ్గించి, 11 తీగలు వేయించి చూడండి. నా నల్ల గిటార్‌కు చివరికి చేసింది అంతే. ఇప్పటికీ దాని మీదే వాయిస్తున్నాను.