పల్లె సినిమాలో మాట్లాడేది ఎవరు?

రొమేనియా పల్లెల మీద తీసిన డాక్యుమెంటరీలు చూస్తుంటే ముందు కంటికి ఆనేవి కొండలు, గడ్డివాములు, చెక్క చర్చిలు, కుట్టుపని చేసిన తెల్ల చొక్కాలు. అన్నీ అందంగానే ఉంటాయి. కానీ రెండు మూడు చూశాక ఏది ఏదో గుర్తుండదు. అలాంటప్పుడు కాసేపు బొమ్మను వదిలేసి చెవి పెట్టండి. ఈ సినిమాలో మాట్లాడేది ఎవరు? ఊరివాళ్లా? వాళ్ల గురించి చెప్పే ఓ పెద్దమనిషా? అసలెవరూ మాట్లాడట్లేదా? ఈ ఒక్క ప్రశ్న పట్టుకుంటే చాలు, దాదాపు ఎనభై ఏళ్ల కథ వరసలోకి వస్తుంది. అందులో సగం రాజకీయం, సగం మన ఇంజనీరింగ్ వ్యవహారమే.

కథ మొదలయ్యేది ఒక ప్రొఫెసర్ దగ్గర. బుకారెస్ట్ విశ్వవిద్యాలయంలో సోషియాలజీ చెప్పే డిమిత్రీ గుస్తి 1925 నుంచి వేసవుల్లో తన విద్యార్థుల్ని, సహచరుల్ని వెంటేసుకుని ఏదో ఒక ఊరికి వెళ్లేవాడు. ఒక్క సోషియాలజీ వాళ్లే కాదు, డాక్టర్లు, సంగీతం తెలిసినవాళ్లు కూడా ఉండేవారు. ఊరిని అన్ని వైపుల నుంచీ ఒకేసారి చదవాలన్నది ఆయన పట్టుదల. 1929లో వాళ్లు వెళ్లిన ఊరు దక్షిణ ట్రాన్సిల్వేనియాలోని ద్రగూష్. ఈసారి కెమెరా కూడా వెళ్లింది. అలా తయారైందే 'ద్రగూష్: ఒక రొమేనియన్ పల్లె జీవితం'. రొమేనియాలో పల్లెను పరిశోధన కోసం సినిమా తీయడం గురించి ఎవరు రాసినా దీని దగ్గరికి రావాల్సిందే. అది మూకీ. మనుషులు పెదాలు కదుపుతారు, మనకేమీ వినపడదు.

విచిత్రం ఏమిటంటే, అదే బృందంలో గొంతు కోసమే వచ్చిన మనిషి ఒకాయన ఉన్నాడు. పేరు కాన్స్టాంటిన్ బ్రయిలోయు. ఆయన పరికరం ఫోనోగ్రాఫ్. మైనం పూసిన గొట్టం మీద సూది గీసుకుంటూ పోతుంది, ఒక్కో గొట్టానికి కొన్ని నిమిషాలే పడుతుంది. ఆ ఊళ్లో ఆయన శ్రద్ధ పెట్టినవాటిలో ఒకటి 'బొచెత్'. అంటే చనిపోయినవాళ్ల కోసం ఆడవాళ్లు రాగం తీస్తూ ఏడ్చే ఏడుపు. పోయిన మనిషినే పిలిచి, ఆ మనిషితోనే మాట్లాడుతున్నట్టు సాగుతుంది. దాని మీద ఆయన అధ్యయనం 1932లో అచ్చయింది. అంతకు ముందు ఏడాదే జానపద సంగీతాన్ని ఎలా సేకరించాలో చెబుతూ ఒక పద్ధతి రాశాడు. పాట ఒక్కటీ రాసుకుంటే చాలదు. పాడింది ఎవరు, వయసెంత, ఎవరి దగ్గర నేర్చుకుంది, ఎప్పుడు పాడతారు, అన్నీ రాసుకోవాలి. నన్నడిగితే ఆ రోజుల్లో కెమెరా కంటే ఆ కాగితమే మనిషికి ఎక్కువ మర్యాద ఇచ్చింది. కెమెరాకి ఆమె 'ఒక పల్లెటూరి స్త్రీ'. ఆ కాగితంలో ఆమెకో పేరుంది, నేర్పిన అమ్మమ్మో అత్తో ఉంది.

అంటే ఒకే ఊళ్లో బొమ్మ ఒక పెట్టెలోకి, గొంతు ఇంకో పెట్టెలోకి వెళ్లాయి. రెండిటినీ కలిపే తీగ లేదు. ఎందుకు లేదో మనవాళ్లకి ఒక చిన్న లెక్కతో చెప్పొచ్చు. సౌండ్ సినిమా సెకనుకి 24 ఫ్రేములు. కెమెరా మోటారుకి, రికార్డరు మోటారుకి వేగంలో ఒక్క శాతం తేడా ఉందనుకోండి. పది సెకన్లకి 0.1 సెకను, అంటే రెండు ఫ్రేములకి పైనే జారిపోతుంది. ఆపాటికే పెదాలు ఒకటి, మాట ఇంకొకటి. స్టూడియోలో అయితే రెండు మోటార్లనీ ఒకే కరెంటు లైనుకి కట్టి నడిపించొచ్చు. కొండ మీది ఊళ్లో అదెలా కుదురుతుంది? భుజాన వేసుకునే కెమెరా, చేత్తో మోసే టేప్ రికార్డరు రెండూ కలిసి అడుగేయడం 1960ల మొదట్లో గానీ సాధ్యపడలేదు. అంతవరకూ పల్లె మూగగా ఉండటంలో కొంత తప్పు యంత్రానిది.

కొంతే. మిగతాది 'త్సార మోత్సిలోర్' చూస్తే తెలుస్తుంది. 'మోత్సిల సీమ' అని అర్థం. పాల్ కలినెస్కు 1930ల చివర్లో తీశాడు, వెనిస్ ఉత్సవంలో బహుమతి తెచ్చుకుంది. మోత్సిలంటే పశ్చిమాన అపుసేని కొండల్లో ఉండే జనం. పంట సరిగా పండని నేల, చుట్టూ అడవి. చెక్కతో తొట్లు, పీపాలు చేసి బండ్లకెత్తుకుని మైదానాలకి దిగేవాళ్లు, ధాన్యానికి మార్చుకునేవాళ్లు. అక్కడి ఆడవాళ్లు ఊదే 'తుల్నిక్' అనే పొడవాటి చెక్క కొమ్ముబూర శబ్దం ఒక కొండ నుంచి ఇంకో కొండకి చేరుతుంది. ఈ సినిమాకి సౌండ్ ఉంది. కానీ ఆ సౌండ్‌లో కథ నడిపించేది వ్యాఖ్యానం. మోత్సి కష్టం మోత్సి నోట రాదు. తీయించింది జాతీయ పర్యాటక కార్యాలయం సినిమా విభాగం. ఆ సంగతి తెలిశాక ప్రతి షాటూ ఎందుకంత తీరుగా ఉందో కొంచెం అర్థమవుతుంది.

కమ్యూనిస్టు కాలంలో వ్యాఖ్యాత గొంతు ఇంకా పెరిగింది. 1949 నుంచి 1962 వరకు రైతుల భూముల్ని సమష్టి వ్యవసాయం కిందికి తెచ్చారు. డాక్యుమెంటరీల కోసం 1950లో 'అలెగ్జాండ్రు సహియా' స్టూడియో పెట్టారు. ఒకవైపు రైతు నుంచి పొలం పోతోంది, మరోవైపు రైతు చొక్కా మీది కుట్టు జాతి సంపద అయిపోతోంది. 1976లో మొదలైన 'రొమేనియాకి స్తోత్రం' అనే దేశవ్యాప్త ఉత్సవం ఊళ్లోని ఆచారాన్ని తెచ్చి స్టేజి మీద నిలబెట్టింది.

స్టేజి ఎక్కితే ఏం పోతుందో తెలియాలంటే 'కలుష్' గురించి చెప్పాలి. పెంతెకొస్తు పండుగ రోజుల్లో దక్షిణ రొమేనియా పల్లెల్లో మగవాళ్లు కట్టే నృత్యం ఇది. నాయకుడి ముందు ప్రమాణం చేసి జట్టు కడతారు. జెండా కర్రకి వెల్లుల్లి, మాచిపత్రి జాతికి చెందిన ఒక చేదాకు కడతారు. కాళ్లకి గజ్జెలు, చేతిలో కర్ర. 'యెలె' అనే అదృశ్య స్త్రీల గాలి సోకి పడిపోయిన మనిషి చుట్టూ ఆడి లేపుతారని నమ్మకం. జట్టులో 'మూగవాడు' అని ఒకడుంటాడు. ముసుగేసుకుని కోతి చేష్టలు చేస్తాడు, మాట మాత్రం పెదవి దాటకూడదు. స్టేజి మీద వీటిలో మిగిలేది అడుగులు, గజ్జెలు, దుస్తులు. ప్రమాణం ఎవరికి చెయ్యాలి? లేపడానికి పడిపోయినవాడేడి? 2005లో యునెస్కో కలుష్‌ని మానవాళి వారసత్వంగా ప్రకటించింది. మంచిదే. కానీ గుర్తింపు వచ్చాక కెమెరాలూ వస్తాయి, కెమెరా కోసం ఆడటమూ వస్తుంది.

ఇక 1988లో చౌషెస్కు చెప్పిన ప్రణాళిక సంగతి. దేశంలో ఉన్న సుమారు 13,000 పల్లెల్ని ఐదారు వేలకి తగ్గించేయాలట! తెర మీద పల్లెకి పూలదండ, మ్యాపులో పల్లెకి కొట్టివేత. 1989 డిసెంబరులో ప్రభుత్వమే కూలిపోవడంతో చాలా ఊళ్లు బతికిపోయాయి.

ఆ తర్వాత గొంతు మారింది. సిబియు నగరంలో దర్శకుడు డుమిత్రు బుడ్రాలా 1993లో ఆస్ట్రా ఫిల్మ్ ఫెస్టివల్ మొదలుపెట్టాడు. మానవశాస్త్ర చిత్రాలే దానికి పునాది. ఆయనే 1998లో గొర్రెల కాపరుల వలస మీద 'దారిలో' తీశాడు. పైనుంచి వివరించే పెద్దమనిషి స్థానంలో మందతో పాటు నడిచే కెమెరా వచ్చింది.

ఇంకా దగ్గరికి వెళ్లింది ఆండ్రే దస్కలెస్కు తీసిన 'కాన్స్టాంటిన్, ఎలెనా' (2008). తన తాతయ్య, అమ్మమ్మల మీద తీసిన సినిమా. యాభై ఏళ్లు దాటిన కాపురం. వంట, మగ్గం, ప్రార్థన, పాటలు, మధ్యలో చావు మీద జోకులు. ఇందులోనూ ఆచారాలున్నాయి, కానీ ఎవరూ 'ఇది మా ఆచారం' అని చెప్పరు. మనవడికి అదేం చెప్పాలి?

అదే ఏడాది రొమేనియన్ భాషే మాట్లాడే పక్క దేశం మోల్డోవాలో థామస్ చులెయ్ 'పూల వంతెన' తీశాడు. తల్లి ఇటలీలో పనిచేస్తోంది, కొన్నేళ్లుగా ఇంటికి రాలేదు. తండ్రి ముగ్గురు పిల్లల్ని పెట్టుకుని పొలం, పశువులు, ఇల్లు చూసుకుంటుంటాడు. పాతకాలపు సినిమాలైతే ఈ ఇంటిని తీసేవి కావు, అందులో పండగ లేదు కాబట్టి. ఇవాళ్టి పల్లె మాత్రం చాలా చోట్ల ఇదే. క్రిస్మస్ ముందు రాత్రి కుర్రాళ్లు గుంపుగా ఇల్లిల్లూ తిరిగి పాడే 'కొలిందె' పాటలకి 2013లో రొమేనియా, మోల్డోవా కలిసి యునెస్కో గుర్తింపు తెచ్చుకున్నాయి. ఆ పాటకి పాడే కుర్రాళ్లు ఊళ్లో ఉండాలి, తలుపు తీసి కానుక ఇచ్చేవాళ్లు ఇంట్లో ఉండాలి.

చూడాలనిపిస్తే వెనక నుంచి ముందుకి రండి. మొదట 'కాన్స్టాంటిన్, ఎలెనా', తర్వాత 'పూల వంతెన', చివర్లో ద్రగూష్. అది చూసేటప్పుడు మాత్రం వెనకాల ఏ పాటా పెట్టుకోకండి.