నర్సింగు విద్యకు సన్నాహము

భిలాయి ఉక్కు కర్మాగారమున మొదటి బ్లాస్టు ఫర్నేసు 1959లో ప్రారంభమైనది. ఆ పనులకు వలస వచ్చిన తెలుగువారి సంతతి నేటికిని ఖుర్సీపారులో గలదు. పిల్లలకు ఇంట తెలుగు, అనేకులకు బడిలో హిందీ. నర్సింగు పుస్తకములు మాత్రము ఇంగ్లీషు.

నాలుగేండ్ల బి.ఎస్సీ. నర్సింగులో చేరగోరువారు పండ్రెండవ తరగతిలో భౌతిక, రసాయన, జీవశాస్త్రములను, ఇంగ్లీషును చదివియుండవలెను. కావున అసలు నిర్ణయము పదవ తరగతి ముగియగనే జరుగును. తల్లిదండ్రులు తరచు దీనిని ఆలస్యముగా గ్రహింతురు. కామర్సు తీసికొన్న బాలికకు జి.ఎన్.ఎం. డిప్లొమా మార్గము గలదు, కాని పట్టమునకు అది చుట్టుదారి.

ఇప్పటినుండియే దినమునకొక పుట జీవశాస్త్రమును ఇంగ్లీషున చదివి, అర్థమును ఇంటివారికి తెలుగున చెప్పుడు. లెక్కలు విడువరాదు, మోతాదు తప్పినచో రోగికి ప్రమాదము. వైద్యుడు 250 మిల్లీగ్రాములు వ్రాసెను. సీసాలో 5 మిల్లీలీటర్లకు 125 మిల్లీగ్రాముల మందున్నది. ఎంత ఇయ్యవలెను? 10 మిల్లీలీటర్లు.