వత్తు ఎక్కడ చెడిందో చెప్పాల్సింది మనమే

డీటీపీ పనిలో ఏళ్లు గడిపి, ఆ తర్వాత గింప్, ఇంక్‌స్కేప్, స్క్రైబస్ లాంటి ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్లకు చేతనైన సాయం చేస్తూ వస్తున్నాను. కొత్తగా ఇటు వస్తున్న పిల్లల కోసం ఈ నాలుగు మాటలు.

1. కోడింగ్ రాదని వెనకాడకండి. గింప్‌ని 1995లో మొదలుపెట్టింది బర్క్‌లీ విద్యార్థులు స్పెన్సర్ కింబల్, పీటర్ మాటిస్. అప్పటినుంచీ అందులో ఎందరో చెయ్యి వేశారు. కానీ మన లిపిలో తేడా వస్తే ఇట్టే పట్టేది మన కన్నే.

2. "తెలుగు సరిగ్గా రావట్లేదు" అని బగ్ రిపోర్టు రాస్తే ఎవరూ ఏమీ చెయ్యలేరు. ‘స్త్రీ’ తీసుకోండి. మనకది ఒకే అక్షరం. కంప్యూటర్‌కి స, పొల్లు, త, పొల్లు, ర, గుడిదీర్ఘం, మొత్తం ఆరు కోడ్లు. ఇంక్‌స్కేప్‌లోనూ గింప్‌లోనూ వాటిని కూర్చేది హార్ఫ్‌బజ్ అనే లైబ్రరీ. ఎలా కూర్చాలన్న నియమాలు ఫాంటులో ఉంటాయి. కాబట్టి తావత్తూ క్రావడీ ఒకదాని మీద ఒకటి ఎక్కితే, ముందు అదే ఫాంటుతో లిబ్రాఫీస్‌లో టైపు చేసి చూడండి. తర్వాత మొదట చెడిన చోటే ఫాంటు మార్చి చూడండి. ఏ సాఫ్ట్‌వేర్‌లో చూసినా ఆ ఫాంటే చెడుతుంటే అనుమానం ఫాంటు మీద. ఏ ఫాంటు పెట్టినా ఒక్క సాఫ్ట్‌వేర్‌లోనే చెడుతుంటే దాని మీద. ఈ సంగతులు, వెర్షన్ నంబరు, అక్షరం అసలెలా ఉండాలో చూపే బొమ్మ జతచేస్తే, తెలుగు రాని డెవలపరు కూడా తప్పు వెతికి పట్టగలడు. నా దృష్టిలో ఇంతకు మించిన సాయం లేదు.

3. ఓపిక పట్టాలి. గింప్ 2.10 వచ్చింది 2018లో, 3.0 వచ్చింది 2025లో. వత్తులు కూర్చే కొత్త ఇంజిన్ స్క్రైబస్ 1.5 వరసలోనే వచ్చినా, స్థిరమైన వెర్షన్ 1.6 చేతికందింది 2024 జనవరిలో. పాత డీటీపీ సాఫ్ట్‌వేర్ పేజ్‌మేకర్‌ని వదల్లేకపోయిన మావాళ్లకు అది పెద్ద కబురు.

4. మెనూలు తెలుగు చేసేటప్పుడు మధ్యలో కనబడే %s గుర్తు చెరపొద్దు. ఫైలు పేరులాంటిది వచ్చి కూర్చునే చోటది.

5. డబ్బిచ్చినా సాయమే. 2002లో జనం ఏడు వారాల్లో లక్ష యూరోలు పోగుచేస్తేనే బ్లెండర్ అనే త్రీడీ సాఫ్ట్‌వేర్ ఓపెన్ సోర్స్ అయి అందరిదీ అయింది.

6. రిపోర్టుకి జతచేసిన ఫైలు లోకమంతా చూస్తుంది. పెళ్లికార్డులో వత్తు చెడిందని ఆ కార్డే పంపేయకండి. అందులో వాళ్ల ఫోన్ నంబర్లు, ఇంటి అడ్రసు ఉంటాయి. కొత్త ఫైలు తెరిచి, చెడిన ఆ ఒక్క మాటే టైపు చేసి, అక్కడా చెడుతోందని చూసుకుని అప్పుడు పంపండి.