ముగ్గు పోయకముందే

గిద్దలూరు

చిరంజీవి అల్లుడికి మామయ్య ఆశీస్సులు.

మార్కాపురంలో స్థలం రిజిస్ట్రేషన్ అయిందని, శంకుస్థాపనకు ముహూర్తం కూడా పెట్టించారని అక్క ఫోన్లో చెప్పింది. చాలా సంతోషం. మట్టి పరీక్ష మాటెత్తితే మాత్రం, "బోరు వేస్తే రాయి పడింది గదా, ఇంకా పరీక్షేంది?" అన్నావట.

బోరు బండివాడు వెతికేది నీళ్లు. పై పదడుగుల్లో ఏముందో వాడికి పట్టదు. నీ ఇల్లు కూర్చునేది ఆ పదడుగుల మీదే.

మన కింద ఉన్నది పలకరాయి. భూగర్భశాస్త్రం వాళ్లు ఈ రాతివరుసకు మన కంభం పేరే పెట్టారు. దీని పొరలు చాలాచోట్ల వాలుగా దిగి ఉంటాయి. ఒక మూల నాలుగడుగులకే గట్టి తగలొచ్చు, ఎదురు మూల గునపం ఇంకా దిగుతూనే ఉండొచ్చు. సగం పునాది రాతి మీద, సగం మట్టి మీద పడితే గోడ చీలక తప్పదు. అందుకే నాలుగు మూలలా, నడిమధ్యనా గుంటలు తీయించు. దగ్గర్లో పలకల గని ఉంటే, ఆ తుక్కు పోసి చదును చేసిన నేలేమో ఊళ్లో పెద్దవాళ్లను అడుగు. తుక్కు మధ్య సందులుంటాయి; వాటిమీద ఎన్నిసార్లు రోలర్ తిప్పామన్నా నేను నమ్మను.

నల్లరేగడి తగిలితే ఇంకా జాగ్రత్త. మే నెలలో అది రాయిలాగే ఉంటుంది, వాన పడితే ఉబ్బుతుంది. ల్యాబ్‌లో దానికో ముచ్చటైన పరీక్ష ఉంది. జల్లించిన పొడిమట్టిని పది గ్రాముల చొప్పున రెండు కొలత గాజుగొట్టాల్లో వేసి, ఒకదాంట్లో నీళ్లు, రెండోదాంట్లో కిరసనాయిలు పోసి 24 గంటలు వదిలేస్తారు. కిరసనాయిలుకు మట్టి ఉబ్బదు. నీళ్లలోది దానికన్నా ఎంత పెరిగిందో చూసి శాతం కడతారు. 50 దాటితే మామూలు పునాది మాట మరిచిపో. నల్లమట్టి దాటి కిందికి పోవాలి, లేదా రూర్కీలోని భవన పరిశోధన సంస్థ సీబీఆర్‌ఐ వాళ్లు మన నల్లరేగళ్లకు అనువుగా తీర్చిన, అడుగు దగ్గర ఉబ్బెత్తుగా ఉండే అండర్‌రీమ్డ్ పైల్స్ వేయించాలి.

రెండంతస్తులంటున్నావు కాబట్టి, నేల గట్టిదనం కొలిచే ఎస్‌పీటీ కూడా చేయించు. 63.5 కిలోల సుత్తి 75 సెంటీమీటర్ల ఎత్తు నుంచి పడి గొట్టాన్ని నేలలోకి దించుతుంది. మొదటి 15 సెంటీమీటర్లు వదిలేసి, తర్వాతి 30 దిగడానికి పట్టిన దెబ్బలు రాస్తారు. దగ్గరుండి నువ్వూ లెక్కపెట్టు. కదలకుండా కాగితం నింపేవాళ్లు లేకపోలేదు.

ముహూర్తం మార్చక్కర్లేదు, పూజ చేసుకోండి. రిపోర్టు చేతికొచ్చాకే ఇంజనీరు చేత డ్రాయింగ్ వేయించు. ఎస్‌బీసీ (నేల భద్రంగా మోయగల బరువు) అంకె ఒక్కటే చూడొద్దు, అది ఏ లోతులోదో చూడు. నాకూ వాట్సాప్‌లో పంపు.

ఇట్లు,
మీ మామయ్య